గంటకి 80 మైళ్ల నించి 120కి పోవాలంటే ఏ కిట్ విమానం? కొండల్లో మట్టి రన్‌వే మీద కూడా దిగాల

పెన్నా_తీరం
అనంతపురం · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది అనంతపురం పాతూరులోనే, ఎనిమిదేండ్లుగా ఉద్యోగం అమెరికాలో, ఐడహో రాష్ట్రం బోయిసీలో. రెండు నెలల సెలవుకి ఇంటికొచ్చినా, తిరిగి పోయేలోపల ఒక నిర్ణయం తీసుకోవాల, అందుకే ఈడ అడుగుతాండా.

ఆడ నా దగ్గర జెనిత్ సీహెచ్ 701 ఉంది. ఇద్దరు కూర్చునేది, రోటాక్స్ 912 ఇంజన్, 100 హార్స్‌పవర్. దిగేదాంట్లో దానికి తిరుగు లేదు, ముప్పై మైళ్ల దగ్గరికి వచ్చినా గాల్లో నిలబడతాది, గడ్డి గానీ ఇసుక గానీ మన ఇంటి ముందర బీడంత జాగా ఉంటే చాలు. కానీ పొయ్యేది గంటకి 80 మైళ్లే. ఐడహో కొండల్లో జాన్సన్ క్రీక్ రన్‌వే లాంటి దగ్గరి చోట్లకి ఇబ్బంది లేదు, పొద్దున్నే లేచి పోయి టెంట్ వేసుకుని మరుసటి రోజు వచ్చేస్తాం. ఉటాలో శాన్ రఫేల్ స్వెల్ అని ఎర్రరాళ్ల లోయలు ఉంటాయి, నాకూ నా భార్యకీ అవి చూస్తే గండికోట గుర్తొస్తాది, ఆడికి పోవాలంటే 400 మైళ్లు దాటుతాది. పోయినేడు ఎదురుగాలి పట్టుకుని మధ్యలో రెండు సార్లు పెట్రోల్‌కి దిగి, సాయంత్రానికి పోలేక ఎవరిదో హ్యాంగర్ పక్కన పడుకున్నాం.

నాకు కావాల్సింది ఒకటే. ఇదే మాదిరి చిన్న చోట్ల దిగాల, కానీ రొంత బిరబిరా పోవాల. విడిభాగాల కిట్టే కొని నేనే కట్టుకుంటా. కిట్‌ఫాక్స్ సిరీస్ 7, రాన్స్ ఎస్-21 అవుట్‌బౌండ్, బేర్‌హాక్ ప్యాట్రోల్, వ్యాన్స్ ఆర్‌వీ-15, ఈ నాలుగూ మనసులో ఉన్నాయి. ఎవరికి ఏం తెలిసినా చెప్పండి.

ఎర్రనేల
కళ్యాణదుర్గం · శనివారం రాత్రి 9:40

స్వాగతం అన్నా. నేను రిమోట్ విమానాలు మాత్రమే ఎగరేసేవాణ్ని, చేన్లో శెనక్కాయ పీకినాక ఖాళీ జాగాలో. అర్థం కానిది అడుగుతా, ఏమనుకోవద్దు. 80 మైళ్లంటే 130 కిలోమీటర్లు కదా, బెంగళూరు హైవేలో కార్లు అంతే పోతాండాయి. అదే ఇంజన్ పెట్టుకుని వేరే విమానం 120 పోతాదంటే ఇది ఎందుకు పోదు?

పెన్నా_తీరం
శనివారం రాత్రి 10:05

మంచి ప్రశ్న తమ్ముడూ. 701 రెక్క చూస్తే నీకే తెలుస్తాది, మందంగా ఉంటాది, ముందు అంచున స్లాట్ అని ఇంకో చిన్న రెక్క బిగించేసి ఉంటాది, అది మూసుకునేది కాదు. మెల్లగా వచ్చేటప్పుడు ఆ సందులో నించి గాలి జోరుగా పోయి రెక్క పైభాగాన్ని అంటుకునే ఉంటాది, అందుకే అంత తక్కువ వేగంలోనూ పడిపోదు. అదే స్లాటు పైకి పోయినాక గొడుగు పట్టుకుని మోటర్ సైకిల్ మీద పోయినట్టు లాగుతాది. దాన్ని చేసిన క్రిస్ హైంజ్ 1986లోనే చిన్న జాగాలో దిగేదానికి అని చేసినాడు, దూరం పోయేదానికి కాదు. కాబట్టి తప్పు దానిది కాదు, నా అవసరం మారింది.

బురుజు_కాడ
కర్నూలు · ఆదివారం పొద్దున 7:20

701 పేరు వింటేనే ప్రాణం లేచొచ్చింది అన్నా. నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు మొట్టమొదట ఎక్కింది అదే, మేము జెన్ ఎయిర్ అనేవాళ్లం. మొత్తం పదిహేను నిమిషాలు ఎగిరింటాం, ఇప్పటికీ కండ్ల ముందర ఉంది. డోరు అద్దం ఉబ్బెత్తుగా బయటికి ఉండి కింద చేన్లు నేరుగా కనపడేవి. తర్వాత ఎన్‌సీసీకి పిపిస్ట్రెల్ వైరస్ వచ్చినాయి, వాటికి సన్నటి పొడుగు రెక్క, దాని లెక్కే వేరు.

నా సలహా, కొత్తది కట్టే ముందర ఆ స్లాట్లు పీకేసి రెక్క మీద వోర్టెక్స్ జనరేటర్లు, అంటే గాలిని రెక్కకి అంటుకునేట్టు చేసే చిన్న చిన్న రేకులు, అతికించి చూడు. శానామంది అట్ల చేస్తాండారు, ఖర్చు తక్కువ.

పెన్నా_తీరం
ఆదివారం పొద్దున 8:02

ఆలోచించినా అన్నా. చేసినోళ్లతో మాట్లాడినా కూడా. కొన్ని మైళ్లు కలిసొస్తాయి, కానీ నలభై మైళ్లు రావు. రెక్క మందం అదే, కిటికీల ఉబ్బు అదే, చక్రాలూ అవే. ఆడ ఒక నెల పని పెట్టుకునే బదులు అమ్మేసి ఇంకోటి కట్టుకోవడమే నయమనిపిస్తాంది.

గండికోట42
కడప · ఆదివారం మధ్యాహ్నం 2:31

నేను ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తా. విమానం పేరు తర్వాత చూద్దాం, ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది బ్రోషర్‌లో పెద్ద అంకె చూసి దాని వెనక పడతారు.

300 మైళ్ల ప్రయాణం అనుకుందాం. 80తో పోతే 3 గంటల 45 నిమిషాలు. 120తో రెండున్నర గంటలు. 150తో రెండు గంటలు. ఇప్పుడు ఎదురుగాలి 20 మైళ్లు పెట్టు. 80ది నేల మీద 60 అయిపోతాది, 5 గంటలు. 120ది 100 అయితాది, 3 గంటలు. 150ది 130 అయితాది, 2 గంటల 18 నిమిషాలు. అంటే గాలి ఎదురైనప్పుడు 80 నించి 120కి పోతే నీకు రెండు గంటలు మిగిలింది. 120 నించి 150కి పోతే మిగిలేది 42 నిమిషాలు. ఆషాఢంలో మన దిక్కు ఎదురుగాలికి సైకిల్ తొక్కినోళ్లకి ఇది చెప్పాల్సిన పని లేదు, మెల్లగా పోయేవాడినే గాలి ఎక్కువ కొడతాది.

రెండోది, ఆ 42 నిమిషాలకి ఎంత ఇయ్యాలో చూడు. గాలి నిరోధం మీద గెలవాలంటే పవర్ వేగానికి ఘనం లెక్కన పెరగాల. 120ని 150 చేయాలంటే ఒకటింపావు రెట్లు, దాని ఘనం 1.95. విమానం అదే అయితే దాదాపు రెండింతల ఇంజన్. రెండింతల ఇంజన్ అంటే బరువు, బరువుకి తగ్గట్టు పెట్రోల్, ఆ పెట్రోల్‌కి మళ్లీ బరువు. లేదంటే రెక్క చిన్నది చేయాల. ఏది చేసినా దిగే వేగం పెరుగుతాది. 35 మైళ్లతో నేల తాకేదానికీ 50తో తాకేదానికీ మధ్య బ్రేకులు మింగాల్సిన శక్తి రెండింతలు ఉంటాది, అదీ గులకరాళ్ల మీద.

నా మాట ఏమంటే నీకు కావాల్సింది ఆ మొదటి నలభై మైళ్లు మాత్రమే. తర్వాతి ముప్పై కోసం దిగే గుణం పోగొట్టుకోవద్దు.

బురుజు_కాడ
ఆదివారం సాయంత్రం 6:15

సార్ లెక్క సరే గానీ నేను ఒప్పుకోను. మనిషి ఒకసారే కడతాడు, మూడు నాలుగేండ్ల కష్టం. ఇప్పుడు 120 చాలనుకుంటాడు, రేపు పిల్లలు పుడితే? బేర్‌హాక్‌లో ప్యాట్రోల్ ఇద్దరిది గానీ దాని అన్న నాలుగు సీట్లది ఉంది కదా. గ్లాస్‌ఎయిర్ స్పోర్ట్స్‌మన్ ఉంది, టూ ప్లస్ టూ, అంటే ముందర ఇద్దరు, వెనక ఇద్దరు, లేదంటే వెనక సామాను పెట్టుకోవచ్చు. ఆర్‌వీ-15 అయితే 2022లోనే మొదటిసారి ఎగిరింది, వ్యాన్స్ వాళ్లు ఏండ్ల తరబడి కింద రెక్క విమానాలు చేసి చేసి పై రెక్కతో కొండల కోసమని మొదటిసారి చేసింది, లైకమింగ్ ఇంజన్, అంతా అల్యూమినియం. పెద్దది కట్టుకుంటే మెల్లగా పోవచ్చు, చిన్నది కట్టుకుంటే జోరుగా పోలేం.

బెలుం_పెద్దాయన
బేతంచర్ల · ఆదివారం రాత్రి 8:50

నాయనా, నేను ముప్పై ఏండ్లు పిల్లలకి విమానం నేర్పించినవాణ్ని, ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నా. ఇంతవరకు అందరూ పోయేది, దిగేది మాట్లాడినారు. తిరిగేది ఎవరూ మాట్లాడలేదు. లోయలో మనుషులు చనిపోయేది తిరగలేక.

30 డిగ్రీలు ఒరిగి తిరుగుతాండావనుకో. గంటకి 60 మైళ్లయితే నీ చుట్టు 254 మీటర్ల వెడల్పులో అయిపోతాది. అదే 100 మైళ్లయితే 700 మీటర్లు దాటుతాది. వేగానికి వర్గం లెక్కన పెరుగుతాది కాబట్టి. నువ్వు గండికోట అంటివి కదా, ఆ అంచున నిలబడి అటు గోడ వైపు చూసి, ఈ సందులో నేను వెనక్కి తిప్పుకోగలనా అని అడుగు. విమానం 150 పోతాదా అన్నది కాదు, లోయలోకి దూరేటప్పుడు అది 70కి దిగి, ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలక) ఒక మెట్టు వేసుకుని, చేతుల్లో గట్టిగా నిలబడతాదా అన్నది చూసుకో. కొన్ని జోరు విమానాలు మెల్లగా పోతాయి గానీ పోయేటప్పుడు మెత్తబడి, స్టిక్ కదిపితే జవాబు ఆలస్యంగా ఇస్తాయి. పుస్తకంలో స్టాల్ అంకె, అంటే ఇంకా మెల్లగా పోతే రెక్క మోయలేని వేగం, దాన్ని చెప్పదు. కూర్చుని ఎగరేస్తేనే తెలిసేది.

ఇంకోటి వేడి, వేడికి గాలి పలచబడతాది. అనంతపురం సముద్రమట్టానికి 1,100 అడుగులు సుమారు, మేలో 42 డిగ్రీలు కొడితే విమానానికి మాత్రం 4,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. నువ్వు చెప్పిన జాన్సన్ క్రీక్ 4,933 అడుగులు. ఆడ ఎండాకాలం మధ్యాహ్నం 32 డిగ్రీలుంటే 8,000 అడుగులు దాటినట్టు లెక్క. మామూలు 100 హార్స్‌పవర్ ఇంజన్ ఆడ 75 ఇస్తే గొప్ప. ఆ మిగిలిన దాంతో ఇద్దరు మనుషులు, టెంటు, నిండు ట్యాంకు. ఏ విమానం అన్న దానికంటే ముందు ఏ ఇంజన్ అన్నది తేల్చుకో నాయనా.

పెన్నా_తీరం
ఆదివారం రాత్రి 9:30

సార్, మీ పోస్టు రెండు సార్లు చదివినా, నా భార్యకి కూడా చదివి వినిపించినా. పోయినేడు ఆగస్టులో బిగ్ క్రీక్ అనే కొండ రన్‌వే నించి మధ్యాహ్నం లేచినప్పుడు చెట్ల కొనలు చక్రాల కింద నించి శానా మెల్లగా పోయినాయి, అది ఇంకా మర్చిపోలేదు. ఆ రోజు పొద్దున్నే లేవాల్సింది, టీ పెట్టుకుంటా కూర్చున్నాం. అప్పటినించి ఎండ ఎక్కకముందే లేస్తాం, తొమ్మిది దాటితే సాయంత్రం దాకా కదలం.

ఇంజన్ విషయానికొస్తే రోటాక్స్ 915 చూస్తాండా, టర్బో, 141 హార్స్‌పవర్, 15,000 అడుగుల దాకా పవర్ తగ్గనియ్యదు. బరువూ ఖరీదూ ఎక్కువే.

రివెట్టు_అక్క
ప్రొద్దుటూరు · సోమవారం పొద్దున 6:10

నైట్ షిఫ్ట్ దిగి చూస్తాండా. నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని, హైదరాబాద్‌లో పని, ఈ నెల సెలవులో ఊర్లో ఉన్నా... షిఫ్ట్ అంటే మా నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు, ఆ షిఫ్ట్. సరే.

ఎవరూ అడగనిది నేను అడుగుతా తమ్ముడూ. నీకు ఏ పని చేస్తే చేతికి ఇష్టం? మూడేండ్లు రాత్రిపూట చేయాల్సింది నువ్వే. ఈ నాలుగు కిట్లూ నాలుగు రకాల పనులు. కిట్‌ఫాక్స్ అంటే స్టీల్ గొట్టాల బాడీ వెల్డ్ చేసి వస్తాది, రెక్కలో పొడుగునా పోయే అల్యూమినియం గొట్టాల స్పార్లు, వాటికి అడ్డంగా రెక్క ఆకారమిచ్చే చెక్క రిబ్బులు జిగురుతో అతికియ్యాల, మీద గుడ్డ కప్పి, దారంతో కుట్టి, ఇస్త్రీపెట్టెతో బిగువు తెప్పించి, పూత మీద పూత వెయ్యాల. చలికాలం మీ ఆడ గ్యారేజీ చల్లగా ఉంటే జిగురు ఆరదు, పూత పాలిపోతాది, వేడి పెట్టుకోవాల. ఎస్-21కి మధ్యలో స్టీల్ పంజరం, చుట్టూ అల్యూమినియం రేకు, రంధ్రాలు ఫ్యాక్టరీలోనే కొట్టి వస్తాయి, ఒక పక్క నించే లాగి బిగించే రివెట్లు, ఒక్కరే చేసుకోవచ్చు. వ్యాన్స్ పాత ఆర్‌వీల్లో శానావాటికి కొట్టే రివెట్లు ఎక్కువ, గన్ను ఒకరు పట్టుకుంటే వెనక దిమ్మ ఇంకొకరు పట్టుకోవాల, భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని చేస్తే ఆ పని అందంగా ఉంటాది. బేర్‌హాక్ రెండూ కలిపింది, రెక్క రేకు, బాడీ గుడ్డ.

ఇంకోటి, అమెరికాలో సగానికి పైగా నువ్వే కట్టినావని చూపిస్తే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు, ఏటా చెకప్ సంతకం నువ్వే పెట్టుకోవచ్చు. ఇంకొకరు కట్టింది కొంటే ఆ సర్టిఫికెట్ నీకు రాదు. అందుకే ప్రతి రివెట్టూ ఫోటో తీసి పెట్టుకో.

ఎర్రనేల
సోమవారం పొద్దున 11:25

అక్కా నాన్న ఎట్లున్నాడు ఇప్పుడు?

నేల గురించి నాకు తెలిసింది చెప్తా. మట్టి మీద చక్రం అంటే ముందు పెద్దదా చిన్నదా కాదు, మెత్తగా ఉందా అన్నది చూడాల. మా ట్రాక్టర్ టైర్లో గాలి తగ్గిస్తే ఇసుక వంకలో కూరుకుపోదు, గట్టి దారిలో అదే గాలితో పోతే టైరు నలిగిపోతాది. రెండోది, ముందు చక్రం గుంతలో పడినప్పుడు ముక్కు కిందికి పోతాది, విమానానికి ఆడ ఫ్యాన్ ఉంటాది కదా. నా రిమోట్ విమానాల్లో వెనక చిన్న చక్రం ఉండేది ముక్కు ఎత్తి పెట్టుకుని ఉంటాది, శెనక్కాయ చేన్లో రాళ్లు ఫ్యాన్‌కి తగలవు. ముందు చక్రం దానికి సీజన్‌కి రెండు మూడు ఫ్యాన్లు మారుస్తా.

పెన్నా_తీరం
సోమవారం మధ్యాహ్నం 1:10

తమ్ముడూ నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కొండల్లో ఎక్కువమంది వెనక చక్రమే పెట్టుకునేది అందుకే. కిట్‌ఫాక్స్ గానీ ఎస్-21 గానీ రెండు విధాలా కట్టుకోవచ్చు. పెద్ద టైర్లు పెడితే మళ్లీ వేగం తగ్గుతాది, 29 అంగుళాలవి ఐదు నించి పది మైళ్లు మింగేస్తాయి, కాబట్టి నేను నడిమి రకంతో సర్దుకోవాలనుకుంటాండా.

రివెట్టు_అక్క
సోమవారం రాత్రి 10:44

నాన్న బాగున్నాడు, రేపు ఇంటికి పంపిస్తారు. అడిగినందుకు సంతోషం నాయనా.

బురుజు_కాడ
మంగళవారం పొద్దున 7:05

అన్నా, కట్టినాక దాన్ని ఈడికే తెచ్చేయొచ్చు కదా. మా ఓర్వకల్లు రన్‌వే రెండు కిలోమీటర్లు, పుట్టపర్తి ఉండనే ఉంది, ఎర్రనేల తమ్ముడి చేనుంది.

బెలుం_పెద్దాయన
మంగళవారం పొద్దున 9:18

ఆశ మంచిదే గానీ ఆడి మాదిరి ఈడ ఇష్టమొచ్చిన చోట దిగేది కుదరదు. రిజిస్ట్రేషన్ డీజీసీఏ (విమానాలని చూసుకునే కేంద్ర సంస్థ) ఇయ్యాల, ఎగరేదానికి పర్మిట్ ఇయ్యాల, దిగే ప్రతి చోటికీ అనుమతి కావాల. ముంబైలో ఒక పైలట్, అమోల్ యాదవ్, మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టినాడు. 2016లో ప్రదర్శనలో పెట్టినా, రిజిస్ట్రేషన్ వచ్చింది 2017 చివర్లో. పట్టుదల ఉన్నోడు కాబట్టి సాధించినాడు. పెట్రోల్ సంగతీ ఉంది, రోటాక్స్ 912కి ఇథనాల్ పది శాతం దాకానే ఒప్పుకుంటారు, మన బంకుల్లో ఇప్పుడు ఇరవై కలిపింది వస్తాంది.

రివెట్టు_అక్క
మంగళవారం మధ్యాహ్నం 12:02

సార్ చెప్పిన ఇథనాల్ ఆడ కూడా చూసుకో తమ్ముడూ. ఫైబర్‌గ్లాస్ ట్యాంకులుండే పాత కిట్లలో ఇథనాల్ లోపలి రెజిన్‌ని మెత్తబరుస్తాది, అది జిగటగా ఫిల్టర్‌లో చేరుతాది. కొత్తవాటికి ఏ రెజిన్ వాడినారో ఫ్యాక్టరీ వాళ్లని రాతపూర్వకంగా అడుగు.

ఈ ఆదివారం ప్రొద్దుటూరుకి రా. మా ఇంటి వెనక రేకుల షెడ్‌లో పాత అల్యూమినియం ముక్కలు, గన్ను, లాగే ప్లయరు అన్నీ ఉన్నాయి. ఒక పూట చేసి చూడు, ఏ పని నచ్చుతాదో నీ చేతులే చెప్తాయి.

పెన్నా_తీరం
సోమవారం రాత్రి 8:20

నిన్న పోయొచ్చినా. పొద్దున ఐదున్నర బస్సుకి ఎక్కి, తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా. అక్క వాళ్ల నాన్న అరుగు మీద కూర్చుని నన్ను గంటసేపు విమానం గురించి అడిగినాడు, తర్వాత ఉగ్గాని బజ్జి పెట్టినారు, ఆ తర్వాతే షెడ్‌లోకి.

అక్క ముందు డ్రిల్లు ఇయ్యలేదు. రెండు రేకు ముక్కలిచ్చి అంచులు గోకమనింది. వేలు అడ్డంగా లాగి చూపించింది, కండ్లకి కనపడని రంపపు పండ్లు ఉంటాయి, అవే తర్వాత పగులు మొదలయ్యే చోట్లు అని. తర్వాత ముప్పై నంబర్ బిట్‌తో రంధ్రాలు, ప్రతి రంధ్రానికీ క్లీకో (రేకుల్ని అప్పటికి పట్టి ఉంచే పిన్ను) గుచ్చి పట్టించి, మళ్లీ విడదీసి రెండు రేకుల మధ్యలో చేరిన పొట్టు తుడిచి, అప్పుడు రివెట్లు. కొట్టేవి ఇరవై, లాగేవి ఇరవై. కొట్టిన ప్రతి దాని వెనక తల, రివెట్టు మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉందా లేదా అని గేజ్ పెట్టి కొలిచింది. ఇరవైలో ఆరు పనికి రావన్నది, వాటిని డ్రిల్‌తో తీసి మళ్లీ కొట్టించింది. లాగేవి ఇరవైకి ఇరవై బాగొచ్చినాయి. తర్వాత చెక్క చట్రం మీద గుడ్డ ముక్క బిగించి ఇస్త్రీపెట్టె ఇచ్చింది. గుడ్డ నా చేతి కింద డప్పు మాదిరి బిగుసుకుంటాంటే ఆ చప్పుడుకి నాకు ఎంత సంతోషం అయిందో చెప్పలేను. రేకు పని చేస్తే చేయగలను, గుడ్డ పని మాత్రం చేస్తానే ఉండాలనిపించింది.

కాబట్టి నా మనసు కిట్‌ఫాక్స్ మీదికి పోయింది. ఫ్యాక్టరీ కూడా ఐడహోలోనే, హోమ్‌డేల్‌లో, మా ఊరికి కార్లో గంట లోపలే, అనుమానం వచ్చిన రిబ్బు చేతిలో పట్టుకుపోయి అడగొచ్చు. రెక్కలు వెనక్కి మడుచుకుంటాయి, హ్యాంగర్‌లో సగం జాగా చాలు. సార్ల లెక్క ప్రకారం ఆ మొదటి నలభై మైళ్లు దాంట్లో వస్తాయి. మొత్తం బరువు 1,550 పౌండ్ల దాకా పోవచ్చు, మా ఇద్దరికీ టెంటుకీ సరిపోతాది. బురుజు అన్నా, పెద్దది కట్టమన్న నీ మాట కొట్టేయలేదు, ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం, మాకు ఇద్దరి ప్రయాణమే ఎక్కువ.

ఇంజన్ మాత్రం తేలలేదు. పోయినాక 915 ఉండే కిట్‌ఫాక్స్‌లో పెద్దాయన సార్ చెప్పినట్టు 70 దగ్గర, ఫ్లాప్ వేసి, ఎడమకీ కుడికీ తిప్పి చూస్తా. ముక్కు బరువు ఎట్లుందో అప్పుడు రాస్తా.

బెలుం_పెద్దాయన
సోమవారం రాత్రి 9:05

తిప్పేటప్పుడు సీట్ల వెనక సామాను బరువు కూడా పెట్టుకో, ఖాళీగా తిప్పి చూసి మోసపోవద్దు. ఇసుక మూట ముప్పై కిలోలది చాలు.

రివెట్టు_అక్క
సోమవారం రాత్రి 9:31

ఆ ఇరవై కొట్టినవాటి ముక్క నీ సంచిలోనే పెట్టినా, చూసుకో. ఆడికి పోయినాక గ్యారేజీ గోడకి తగిలించు. రెండో వరసలో నాలుగోది కొంచెం వాలింది, నేను నిన్న చూడలేదు, ఇప్పుడు ఫోటోలో కనపడింది. అది కూడా తీసి మళ్లీ కొట్టు.